కుదుపు బండిది, సొట్ట ఎవరిది?

రాజోలు దగ్గర ఒక ఊరి నుంచి ఒక టీచరుగారు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. పెద్ద ఉత్తరం, కుదించి చెబుతున్నాను.

వాళ్లింట్లో అయిదేళ్లు నిండబోతున్న చిన్న ఆటోమేటిక్ కారు ఉంది, ఏఎంటీ రకం. కొత్తదే కొన్నారు, 38 వేల కిలోమీటర్లు తిరిగింది. కిస్తీలన్నీ ఈవిడ జీతంలోంచే కట్టారు. డ్రైవింగ్ నేర్చుకున్నదీ దీని మీదే, క్లచ్ ఉన్న బండి ఎప్పుడూ నడపలేదు. గేరు మారినప్పుడల్లా కుదుపు మొదటి నుంచీ ఉంది. ఏడాదిగా అది ఎక్కువైందేమోనని అనుమానం. సంక్రాంతి వెళ్లాక నరసాపురంలో ఉన్న అమ్మను చూసి, పంటు మీద గోదావరి దాటి, సఖినేటిపల్లి రేవులో దిగి గట్టు ఎక్కుతుంటే ముందున్న ఆటో ఆగిపోయింది. ఈవిడా ఆపారు. మళ్లీ కదిలేలోపు కారు వెనక్కి జారి, కొబ్బరికాయల లోడుతో ఉన్న వ్యాను బంపరుకి తగిలింది. వ్యానుకి ఏమీ కాలేదు. దాని డ్రైవరు "పర్లేదండి, పోనివ్వండి" అన్నాడట. కారుకి మాత్రం వెనక బంపరు చిట్లింది, డిక్కీ తలుపు కింద అరచేయంత సొట్ట పడి రంగు పెచ్చు లేచింది.

అది జరిగి మూడు వారాలు. ఆ రోజు నుంచి కారు తాళం వాళ్లాయన జేబులోనే ఉంది. ఈవిడ స్కూలుకి ఆటోలో వెళుతున్నారు. "ఆటోమేటిక్ కొనడమే బుద్ధితక్కువ" అని ఆయన. "అమ్మేసి గేర్ల బండి కొనండి, అబ్బాయే నడుపుతాడు" అని మామగారు. హైదరాబాద్ నుంచి పండక్కొచ్చిన బావగారైతే "టార్క్ కన్వర్టర్ (ఇంకో రకం ఆటోమేటిక్) తీసుకోవాల్సింది" అని ఇదివరకే అన్నారట, ఇప్పుడు ఫోన్ చేసి మళ్లీ అన్నారట. సర్వీసు సెంటర్లో కుదుపు గురించి అడిగితే "ఏఎంటీ ఇంతేనండి" అన్నారు. ఊళ్లో మెకానిక్ "క్లచ్ పోయింది, 22 వేలవుతుంది" అన్నాడు. సొట్టకి భీమవరం బాడీషాపులో 19,500, లోకల్ టింకరింగ్ షెడ్డులో 7,000 చెప్పారు. పైగా బాడీషాపు అతను "ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టేయండి, ఎడమ డోరు మీద గీతలు కూడా ఇందులోనే కలిపేద్దాం" అన్నాడు.

ఆ ఎడమ డోరు గీతలు వాళ్లాయన పెట్టినవి. కాలువ గట్టు మీద ఆర్టీసీ బస్సుకి దారిస్తూ తుమ్మకొమ్మల్లోకి పోనిచ్చారు. "దాని గురించి మా ఇంట్లో ఇంతవరకూ ఒక్కరు కూడా మాట్లాడలేదు" అని రాసి, ఆ వాక్యం కింద రెండు గీతలు గీశారు.

అడిగినవి ఇవీ: తప్పు నాదా, బండిదా? క్లెయిమ్ పెట్టనా, వద్దా? కారు అమ్మేయాలా? అన్నిటికంటే ముందు, నా తాళం నా చేతికి ఎలా వస్తుంది?

అమ్మా,

మీ ఇంట్లో మూడు వేరు వేరు సంగతుల్ని ఒకే సంగతిగా మాట్లాడుకుంటున్నారు. గేరు మారేటప్పుడు కుదుపు ఒకటి. రేవు గట్టు మీద వెనక్కి జారడం ఇంకొకటి. డిక్కీ మీద సొట్ట మూడోది. కుదుపు వల్ల కారు జారలేదు. సొట్ట పడినంత మాత్రాన క్లచ్ పోయినట్టూ కాదు. ఈ మూడింటినీ కలిపేసరికి "ఆవిడకి నడపడం రాదు, బండి మంచిది కాదు" అనే తీర్పు వచ్చేసింది. విడదీసి చూస్తే ఏదీ అంత పెద్దది కాదు.

జారడం దగ్గర మొదలుపెడతాను. ఏఎంటీ అంటే లోపల మామూలు గేర్ల బండే. క్లచ్ ప్లేటు, గేర్లు అన్నీ అవే. మీ ఎడమ పాదం చేసే పనినీ, ఎడమ చెయ్యి చేసే పనినీ యాక్చుయేటర్ అనే కరెంటు పరికరం చేస్తుంది, అంతే తేడా. 2014లో మారుతి సెలెరియోతో ఇది మన దేశంలో మామూలు జనం కొనగలిగే ధరకి వచ్చింది. మైలేజీ తగ్గదు, ఖరీదు తక్కువ. కాని బండి ఆగి, బ్రేకు మీద కాలు ఉన్నంతసేపూ క్లచ్ విడిపోయే ఉంటుంది. కాలు తీసి యాక్సిలరేటర్ నొక్కి, క్లచ్ మళ్లీ పట్టుకునేలోపు ఒకటి రెండు సెకన్లు బండిని ఆపేది ఏదీ ఉండదు. సమతలం మీద అది తెలియదు, బ్రేకు వదలగానే నెమ్మదిగా పాకుతుంది కూడా. ఏటవాలు మీద ఆ పాకే బలం చాలదు. కొత్త మోడళ్లు కొన్నింటిలో హిల్ హోల్డ్ అని ఉంటుంది, బ్రేకు వదిలాక రెండు మూడు సెకన్లు బండిని అదే పట్టి ఉంచుతుంది. మీరు రాసినదాన్ని బట్టి మీ దాంట్లో లేదు.

మనది బల్లపరుపు నేల. కోనసీమలో కారు నేర్చుకున్నవాళ్లకి ఎత్తు మీద బండి ఆపి మళ్లీ ఎత్తడం ఎవరూ నేర్పరు, నేర్పడానికి ఎత్తే ఉండదు. ఉన్న ఎత్తులల్లా కాలువ వంతెనలు, ఏటిగట్లు, రేవులు. జనం, ఆటోలు, లోడు బళ్లు గుమిగూడేదీ సరిగ్గా అక్కడే. అంటే మీరు ఎప్పుడూ ప్రాక్టీసు చేయని పనిని, వెనక వ్యాను పెట్టుకుని, తడి రేవులో మొదటిసారి చేయాల్సి వచ్చింది. తప్పు మీది కానే కాదు అంటే మీకు నచ్చుతుంది, కాని నిజం కాదు. సగం బండి తీరు, సగం మీకు ఎవరూ చెప్పని పద్ధతి. ఆ సగం నేర్చుకోవడానికి ఒక ఆదివారం పొద్దుట చాలు.

పద్ధతి ఇది. ఎత్తు మీద ఆగినప్పుడు హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా లాగండి. డ్రైవ్‌లోనే ఉంచి, బ్రేకు మీద కాలు తీసి, యాక్సిలరేటర్ మెల్లగా నొక్కండి. బండి ముందుకు పోదామని లాగుతున్నట్టు తెలుస్తుంది, అప్పుడు హ్యాండ్‌బ్రేక్ వదలండి. కుడికాలు ఒక్కటే పనిచేయాలి, ఎడమకాలితో బ్రేకు నొక్కే తెలివి ఎవరు నేర్పినా వద్దు. రేవులో ఇంకో మాట. ముందు బండి గట్టు పూర్తిగా ఎక్కేదాకా మీరు కిందే, సమంగా ఉన్నచోటే ఆగండి. వెనకవాళ్లు హారన్ కొడతారు, కొట్టనివ్వండి. మధ్యలో ఆగాల్సిన అవసరమే రాకపోతే జారే ప్రశ్నే లేదు. పంటు మీద నిలిపినప్పుడు ఇంజిన్ ఆపి గేరులోనే వదిలి హ్యాండ్‌బ్రేక్ వేయండి. మీ రకం బండికి పార్కింగ్ గేరు ఉండదు, న్యూట్రల్‌లో వదిలేస్తే ఒట్టి హ్యాండ్‌బ్రేక్ మీదే ఆధారపడాలి. ఇదంతా టెన్షన్ అనిపిస్తే కొన్నాళ్లు దిండి మీదుగా చించినాడ వంతెన ఎక్కి, పాలకొల్లు వైపు నుంచి తిరిగి వెళ్లండి. దూరం, పెట్రోలు ఎక్కువే. కాని అమ్మగారిని చూడటానికి రేవు ఒక్కటే దారి కాదు.

ఇంక కుదుపు. సర్వీసు సెంటర్ వాళ్లు చెప్పింది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. మొదటి గేరు నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి మారేటప్పుడు తల ముందుకు ఊగడం ఏఎంటీ స్వభావం. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి ఉంచితే ఎక్కువ ఊగుతుంది. గేరు మారబోతోందని ఇంజిన్ చప్పుడుతో తెలుస్తుంది కదా, ఆ క్షణం కాలు కొంచెం తేలిక చేయండి, సగం కుదుపు పోతుంది. అమలాపురం సెంటర్లోనో రావులపాలెంలోనో ట్రాఫిక్‌లో ఒకటి రెండు గేర్ల మధ్య ఊగిసలాడుతుంటే మాన్యువల్ మోడ్‌లో పెట్టి ఒకటిలోనే ఉంచేయండి.

అయితే ఏడాదిగా ఎక్కువైందన్నారు, దాన్ని కొట్టిపారేయకూడదు. క్లచ్ అరిగితే కనిపించే గుర్తులు వేరు. బండి కదిలేటప్పుడే గడగడా వణకడం. ఎత్తెక్కుతుంటే మాడిన వాసన. యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ రేస్ అవుతుంది కాని స్పీడు అందుకోదు. ఖాళీ రోడ్డు మీద, మాన్యువల్ మోడ్‌లో మూడో గేరులో నలభైలో పోతూ ఒక్కసారి నొక్కి చూడండి. ఆర్పీఎం ముల్లు ఎగిరి, బండి వెనకబడితే మెకానిక్ చెప్పింది నిజమే. ముల్లూ స్పీడూ కలిసి పెరిగితే 22 వేలు ఇప్పుడే పెట్టకండి.

క్లచ్ మార్చేముందు చవకగా చూడాల్సినవి ఉన్నాయి. బ్యాటరీ ఒకటి. గేరు మార్చే యాక్చుయేటర్‌కి కరెంటు కావాలి, బ్యాటరీ నీరసిస్తే గేర్లు తడబడతాయి. కొన్ని ఏఎంటీ బళ్లలో డ్రైవర్ డోరు తీయగానే 'జుయ్' మని చిన్న చప్పుడు వస్తుంది, అది ఆ యాక్చుయేటర్ పంపుదే. యాక్చుయేటర్ ఆయిల్ తగ్గిందా, ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు పోయాయా, థ్రాటిల్ బాడీలో మసి పేరుకుందా అని చూడమనండి. అన్నీ అయ్యాక స్కానర్ పెట్టి క్లచ్ టచ్ పాయింట్‌ని మళ్లీ సెట్ చేయమని అడగండి. ప్లేటు ఎంత అరిగితే పట్టుకునే చోటు అంత జరుగుతుంది, దాన్ని కంప్యూటర్‌కి కొత్తగా చూపించాలి. క్లచ్ మార్చినా ఈ పని చేయాల్సిందే. ఊళ్లో మెకానిక్ మంచివాడే కావచ్చు, కాని ఆ స్కానర్ లేకుండా క్లచ్ మారిస్తే డబ్బు పెట్టాక కూడా కుదుపు మిగులుతుంది. సర్వీసు సెంటర్లో "ఇంతేనండి" అనకుండా ఉండాలంటే, టెస్ట్ డ్రైవ్‌కి మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మీరే నడిపి చూపించండి, ఫిర్యాదు జాబ్ కార్డులో రాయించండి. నోటిమాటకి అక్కడ విలువ లేదు.

క్లచ్ త్వరగా అరగకుండా ఒక అలవాటు మానాలి. వంతెన మీద క్యూలో నిలబడ్డప్పుడు బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్ కొంచెం నొక్కి బండిని నిలబెడతారు చాలామంది. అప్పుడు క్లచ్ సగం పట్టి సగం జారుతూ కాలుతుంది. మీరు చేస్తున్నారో లేదో ఉత్తరంలో రాయలేదు. చేస్తుంటే మానండి.

బావగారి మాట పూర్తిగా తప్పు కాదు. టార్క్ కన్వర్టర్ ఉన్న బండి మెత్తగా ఉంటుంది, చిన్న ఎత్తుల మీద తనే నిలబడుతుంది. ధర, పెట్రోలు ఖర్చు సాధారణంగా ఎక్కువ. ఆటోమేటిక్‌లలో ఇంకో రకమైన సీవీటీలో గేరు మారే కుదుపే ఉండదు, కాని గట్టిగా తొక్కితే చప్పుడు ముందు, వేగం తర్వాత. రెండు క్లచ్‌లుండే డ్రై క్లచ్ డీసీటీ రకం హైవే మీద బావుంటుంది, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది. గొడవలేని గేరుబాక్సు ఏదీ లేదు. అయిదేళ్ల కిందట ఏం కొనాల్సిందో ఇప్పుడు చెప్పడం పండక్కొచ్చిన చుట్టాలకి కాలక్షేపం.

సొట్ట లెక్క చూద్దాం. ఇక్కడ భావాలు పక్కన పెట్టి కాగితం, కలం తీసుకోండి. కుదుపు ఇన్సూరెన్స్‌లో రాదు, అరుగుదలనీ మెకానికల్ లోపాన్నీ మామూలు పాలసీ పట్టించుకోదు. సొట్ట వస్తుంది. మామూలు కారు పాలసీలో రోడ్డు, రైలుతో పాటు లోతట్టు జలమార్గంలో ప్రయాణించేటప్పుడు జరిగే నష్టానికి కూడా కవరేజీ ఉంటుంది, కాబట్టి పంటు మీద జరిగినా భయం లేదు. మీకు జరిగింది ఎటూ గట్టు మీదే.

మీరు నాలుగేళ్లుగా క్లెయిమ్ చేయలేదు, అందుకే ఇప్పుడు ప్రీమియంలో 45 శాతం తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, ఉంది. ఈ ఏడూ చేయకపోతే వచ్చే నెల రెన్యువల్‌లో 50 శాతం అవుతుంది, అదే గరిష్ఠం. క్లెయిమ్ చేస్తే సున్నాకి పడిపోయి, తర్వాత ఏడాదికొక మెట్టు చొప్పున 20, 25, 35, 45 ఎక్కాలి. ఈ బోనస్ మన కారు నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే, ఎదుటివాళ్ల నష్టానికి కట్టే థర్డ్ పార్టీ మీద కాదు. బోనస్ తీయకముందు మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం 7,000 అని కాగితం ఫొటో పంపారు. ఆ అంకె అలాగే ఉంటుందనుకుంటే క్లెయిమ్ వల్ల మీరు మొదటి ఏడు 3,500, తర్వాత 2,100, 1,750, 1,050, 350 ఎక్కువ కట్టాలి. మొత్తం 8,750. కారు విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి నిజానికి కొంచెం తక్కువే అవుతుంది.

ఇటు వచ్చేదెంత? బాడీషాపు బిల్లులో బంపరు 5,500, పెయింటింగ్ 9,000, టింకరింగ్ కూలి 5,000. భాగాల పాతదనం కింద కోత లేకుండా ఇచ్చే జీరో డిప్రిసియేషన్ కవర్ మీకు లేదు. ప్లాస్టిక్ బంపరు ధరలో సగం మీదే, అంటే 2,750. పెయింటింగ్‌లో పావు వంతుని మెటీరియల్‌గా లెక్కేసి అందులో సగం కోస్తారు, అది 1,125. 1500 సీసీ లోపు కారు కాబట్టి క్లెయిమ్‌లో తప్పనిసరిగా మీరే భరించాల్సింది 1,000. అన్నీ కలిపి మీ చేతి నుంచి 4,875 పోతాయి. బోనస్ నష్టం కలిపితే క్లెయిమ్ దారి ఖర్చు 13,625. బాడీషాపులో సొంత డబ్బుతో అయితే 19,500. షెడ్డులో 7,000.

కాబట్టి బాడీషాపు పనే కావాలనుకుంటే క్లెయిమ్ లాభం. షెడ్డు పని చాలనుకుంటే క్లెయిమ్ దండగ. నా మొగ్గు షెడ్డు వైపే, కాని ఒక షరతు మీద. మీ బండి సిల్వర్ రంగు. తెల్ల రంగు కలపడం తేలిక, సిల్వర్ అతుకు ఎండలో కనబడిపోతుంది. బండి మీద ఉండే కలర్ కోడ్ ప్రకారం రంగు తెమ్మనండి. ఇదివరకు అతను చేసిన సిల్వర్ బండి ఒకటి ఎండలో చూపించమనండి. సొట్టని వెనక నుంచి తట్టి లేపాలి, లప్పం మందంగా నింపి తేల్చేస్తే రెండేళ్లలో పగులుతుంది. చిట్లిన బంపరుని ప్లాస్టిక్ వెల్డింగ్ చేయొచ్చు, కొత్తది అక్కర్లేకపోవచ్చు.

రెండింట్లో ఏ దారి పట్టినా డిక్కీని ఆలస్యం చేయకండి. బంపరు ప్లాస్టిక్, దానికి తుప్పు రాదు. డిక్కీ రేకు బయటపడింది. అంతర్వేది గాలి ఉప్పు గాలి, రాజోలు వైపు చెరువుల తేమ సరేసరి. కింది అంచు నుంచి పట్టిన తుప్పు లోపలికి పాకుతుంది. పని మొదలయ్యేదాకా ఆ చోటు కడిగి, ఆరబెట్టి, టచప్ పెయింటు పూయండి. క్లెయిమ్ పెట్టే ఉద్దేశం ఉంటే ముందు ఫొటోలు తీశాకే.

ఎడమ డోరు గీతల్ని ఇందులో కలపొద్దు. కారు వెనక్కి జారి వ్యానుకి తగిలితే పక్క డోరు మీద పొడుగు గీతలు ఎలా పడ్డాయని ఇన్సూరెన్స్ సర్వేయరు అడుగుతాడు. వేరు ప్రమాదం వేరు క్లెయిమే. అబద్ధం బయటపడితే నిజమైన క్లెయిమ్ కూడా పోతుంది. నడిపింది మీరే అని రాయండి, లైసెన్సు ఉంది, దాచడానికేముంది? మూడు వారాల ఆలస్యానికి కారణం అడగొచ్చు, ఉన్నదున్నట్టు చెప్పండి. తుమ్మకొమ్మల గీతల మీద గోరు పెట్టి చూడండి. గోరు గీతలో చిక్కుకోకపోతే పై పూతలోనే ఉన్నాయి, రబ్బింగ్ పాలిష్‌తో పోతాయి. చిక్కుకుంటే రంగు వేయాలి, అది కూడా షెడ్డులోనే చేయించేయొచ్చు.

అమ్మేయడం సంగతి. ఇప్పుడు అమ్మితే సొట్ట, కుదుపు రెండూ చూపించి కొనేవాడు బేరం తగ్గిస్తాడు. బాగు చేయించి ఆర్నెల్లు నడిపి అమ్మితే అంత తగ్గదు. అప్పుడైనా రిపేరుకి ముందు ఫొటోలు, బిల్లు దగ్గర పెట్టుకోండి. రంగు వేసిన డిక్కీ చూసి పెద్ద యాక్సిడెంట్ అనుకుంటారు, ఫొటో చూపిస్తే చిన్న సొట్టేనని నమ్ముతారు. గేర్ల బండి కొంటే కుదుపు పోతుంది. రేవులో జారడం పోదు, క్లచ్ బండి కూడా రాని చేతుల్లో జారుతుంది. పైగా మీరు కొత్తగా నేర్చుకోవాలి. మామగారు "అబ్బాయే నడుపుతాడు" అన్నారు చూశారా, ఆ బేరంలో పోయేది గేరుబాక్సు కాదు, మీ స్టీరింగ్.

ఇక తాళం. కిస్తీలు నావి అన్న మాట మీ దగ్గర ఉంది, డోరు గీతల మాటా ఉంది. రెండూ నిజాలే. అత్తమామల ముందు వాడితే మీరు గెలుస్తారు, కాని ఆయన మౌనంగా ఉండిపోతారు, తాళం ఇంకో నెల జేబులోనే ఉంటుంది. అసలు వాడకపోతే మీ లోపల ఉడుకుతూనే ఉంటుంది, ఉత్తరంలో ఆ రెండు గీతలు చూస్తే తెలుస్తోంది. ఆయన ఒక్కరే ఉన్నప్పుడు, కోపం లేని పూట, "రెండు దెబ్బలు తగిలాయి, ఒకటి మీది, ఒకటి నాది, రెంటికీ కలిపి షెడ్డువాడిని అడుగుదామా" అని ఖర్చు మాటలా ఎత్తొచ్చు. అర్థమయ్యేవాడికి అందులోనే అర్థమవుతుంది. అర్థం కాకపోతే అప్పుడు విడమరిచి చెప్పండి, నిజం చెప్పడానికి మీకు హక్కుంది.

ఇంకో దారి, ఇద్దరూ కలిసి ఆదివారం పొద్దుటే జనం లేని ఏదైనా కాలువ వంతెన దగ్గరికి వెళ్లడం. ముందు మీరు హ్యాండ్‌బ్రేక్ పద్ధతిలో ఎత్తు మీద ఆపి కదిలించి చూపించండి. తర్వాత ఆయన్నీ చేయమనండి. ఆయన చేతిలోనూ జారితే ఇంట్లో సగం మాటలు ఆగిపోతాయి. ఆయన చేతిలో జారకపోతే, అదీ మంచిదే, మీకు నేర్పడానికి మనిషి దొరికాడు. వెనక మాత్రం ఎవరూ ఉండకుండా చూసుకోండి.

ఇవేవీ కుదరక తాళం రాకపోతే అది కారు సమస్య కాదు. మీ జీతం, మీ రాకపోకలు ఎవరి చేతిలో ఉండాలన్న సమస్య. అప్పుడు మీ అమ్మగారినో, ఆయన మాట వినే పెద్దవాళ్లనో కూర్చోబెట్టి మాట్లాడాలి, గేరుబాక్సు ఊసు ఎత్తకుండా.

చివరగా రెన్యువల్ తేదీ. క్లెయిమ్ పెట్టాలా వద్దా అని ఇంట్లో తేలకపోయినా పాలసీ గడువు దాటనివ్వకండి. 90 రోజుల లోపు రెన్యువల్ చేస్తే బోనస్ పోదు, కాని మధ్యలో కవరేజీ ఉండదు. ఆ రోజుల్లో కారు రోడ్డెక్కడం నేరం కూడా. పైగా గడువు దాటితే మళ్లీ కారుని ఇన్‌స్పెక్షన్ చేసి పాత దెబ్బలన్నీ రాసుకుంటారు. క్లెయిమ్ పెట్టదలిస్తే రెన్యువల్ కంటే ముందే కంపెనీకి చెప్పండి. అన్నట్టు, మీరు పంపిన ఫొటోలో కారు కొబ్బరిచెట్టు కిందే ఉంది. షెడ్డు నుంచి తెచ్చాక దాన్ని ఇంకెక్కడైనా పెట్టండి.